పౌ దార్కు బెరడు కషాయం ఎలా కాచాలి? మామయ్యగారి కోసం, తెలిసినవాళ్లు చెప్పండి

సన్నజాజి:
అందరికీ నమస్తే. మేము ఏడాదిన్నరగా బ్రెజిల్‌లో బెలెంలో ఉంటున్నాం, మావారి ఉద్యోగం ఇక్కడే. మొన్న శనివారం పక్కింటావిడ నన్ను వేరు పేజు మార్కెట్‌కి తీసుకెళ్లింది, అక్కడ ఆకులూ వేర్లూ బెరళ్లూ అమ్మే ఆడవాళ్లకి వేరే వరసే ఉంది, ఎర్వేరాలు అంటారట వాళ్లని, కొట్టు చుట్టూ దారాలకి చిన్న చిన్న సీసాలు వేలాడుతుంటాయి, ఏ జబ్బు చెప్పినా చెయ్యి వెనక్కి పెట్టి చూడకుండానే తీసిస్తున్నారు. మామయ్యగారి కాళ్ల గురించి చెబితే ఒకావిడ పౌ దార్కు అని బెరడు ముక్కలు ఇచ్చింది. అరచెయ్యంత ఉన్నాయి ఒక్కోటి, పైన బూడిదరంగు గరుకు పెచ్చు, లోపలివైపు ఎర్రమట్టి రంగు, విరిస్తే పుటుక్కున విరగదు, పొరలు పొరలుగా నార సాగుతుంది. దీనికి ముందే ఇంకోచోట ఒక పొడి ప్యాకెట్ కూడా కొన్నాం, దాని మీద కూడా ఇదే పేరుంది.

మామయ్యగారికి 68 ఏళ్లు, మూడు నెలలు ఉందామని వచ్చారు. ఇక్కడ రోజూ మధ్యాహ్నం వాన కదా, తడి చెప్పులతో తిరిగి తిరిగి కాలివేళ్ల సందులన్నీ నాని తెల్లగా పాచిపోయాయి, రాత్రి దురదకి నిద్ర లేదు. పక్కింటావిడేమో ఈ బెరడు కాచి ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకోమంది. ఆయనేమో ఎవరో పంపిన వాట్సాప్ వీడియో చూసి ఇది క్యాన్సర్‌కి కూడా మందు, రోజూ గ్లాసుడు తాగుతాను కాచి పెట్టమ్మా అని పొద్దున్నించీ అడుగుతున్నారు. ఎన్ని నీళ్లు, ఎంతసేపు మరగాలి, ముక్కలు మంచివా పొడి మంచిదా, తాగితే రోజుకి ఎంత, ఇవి కాస్త చెప్పండి. ఆయనకి షుగర్ లేదు, బీపీ లేదు, ఆరేళ్ల కిందట గుండె వాల్వ్ మార్చారు, దానికి రోజూ సాయంత్రం ఒక మాత్ర అంతే, మిగతాదంతా బానే ఉంటారు.

చేవకర్ర:
అక్కా నేను పదకొండేళ్లు మీ బెలెం ఉన్న పారా రాష్ట్రంలోనే ఉన్నాను, చాలావరకు కలప పనిలోనే, అందుకే ఈ చెట్టు గురించి కొంచెం ఎక్కువే రాస్తాను ఏమీ అనుకోకండి.

పౌ అంటే కర్ర, ఆర్కు అంటే విల్లు. అక్కడి ఆదివాసులు దీంతో విల్లులు చేసుకునేవాళ్లు కాబట్టి ఆ పేరు. బ్రెజిల్‌లో ఇపే అంటే ఇంకా బాగా అర్థమవుతుంది, అర్జెంటీనా వైపు లపాచో, గ్వారానీ ఆదివాసుల భాషలో తజి, పరాగ్వేకి అది జాతీయ వృక్షం. అమెరికా వైపు టీ ప్యాకెట్ల మీద తహీబో అని కూడా రాస్తారు, అంతా ఒకటే. ముప్పై మీటర్ల దాకా పెరుగుతుంది, వానలు తగ్గాక ఆకంతా రాల్చేసి మోడు మీదే గులాబీ ఊదా కలిసిన రంగులో పూస్తుంది, ఒక్క ఆకు కనపడదు, దూరం నుంచి చూస్తే అడవి మధ్యలో ఒక్క చెట్టుకే రంగు పోసినట్టుంటుంది. మందుకి వాడేది ఎక్కువగా ఈ ఊదాపువ్వు రకమే, ఇపే రోషు. పసుపు పువ్వు రకం వేరే, దానిపేరు కూడా పౌ దార్కే, అందుకని కొనేటప్పుడు రోషు అని అడగాలి. పాత పుస్తకాల్లో దీని శాస్త్రీయ నామం తబెబూయా అని ఉంటుంది, 2007లో హండ్రోయాంతస్ అనే పేరు కిందకి మార్చారు, రెండు పేర్లు చూసి కంగారు పడకండి.

మందు ఉండేది పై పెచ్చులో కాదు, దాని కిందుండే నార పొరలో. ఇక్కడివాళ్లు ఎంట్రికాస్కా అంటారు, అంటే లోపలి బెరడు. మీరు రాసిన ఎర్రమట్టి రంగు నార అదే, మీ ముక్కలు నిజమైనవే అనిపిస్తోంది. ముందు చాకుతో పైన బూడిదరంగు పెచ్చు గీకి పారేయండి, దాంట్లో నాచూ మట్టీ తప్ప ఏం లేదు. తర్వాత ముక్కల్ని గోరంత గోరంత తుంచుకోండి, పొడి చెయ్యకండి, పొడి వడకట్టలేక చస్తాం.

టీ ఆకులాగా వేణ్నీళ్లు పోసి మూత పెడితే దీన్నుంచి ఏమీ దిగదు. ఇది చెక్క లాంటిది, మరగాల్సిందే. లీటరు నీళ్లకి రెండు పెద్ద స్పూన్ల ముక్కలు వేసి, పొంగు వచ్చాక మంట బాగా తగ్గించి పదిహేను ఇరవై నిమిషాలు ఉడకనివ్వండి, నీళ్లు మొదట లేత టీ రంగులో ఉండి తర్వాత ఇటుక రంగుకి తిరుగుతాయి, అప్పుడు మూతపెట్టి అలాగే చల్లారనివ్వండి. స్టీలు గిన్నె, ఎనామిల్ గిన్నె, మట్టికుండ ఏదైనా పర్లేదు, అల్యూమినియం మాత్రం ఇక్కడి పెద్దావిడలు ఎవరూ వాడనివ్వరు, నేనూ వాడలేదు. జాలీ సరిపోదు, పల్చటి గుడ్డ రెండు మడతలు వేసి వడకట్టండి, సన్న నార పీచు మిగిలితే గొంతులో గుచ్చుతుంది. ఏ రోజు కాచింది ఆ రోజే వాడేయాలి, ఫ్రిజ్‌లో అయితే ఇంకో రోజు.

కాళ్లకైతే దీన్నే చిక్కగా కాయాలి, బెరడు రెట్టింపు వేసి లీటరు అరలీటరు అయ్యేదాకా. గోరువెచ్చగా అయ్యాక పదిహేను నిమిషాలు కాళ్లు పెట్టి, తీశాక ఒక్కో వేలి సందూ గుడ్డతో ఒత్తి పొడిగా తుడవాలి, అసలు పని అక్కడే ఉంది, తడి వదిలేస్తే ఏ కషాయమూ పనిచెయ్యదు. మొదటిరోజే కాళ్లు ముంచకుండా ముందు ముంజేతి మీద కాస్త రాసి ఒక రోజు చూడండి, ఎర్రబడితే వద్దు. చర్మం చిట్లి రక్తం వస్తుంటే కూడా వద్దు.

తాగడం గురించి వేరేవాళ్లు చెబితే బాగుంటుంది, ఇక్కడ జ్వరాలకీ కడుపులో పుండ్లకీ కీళ్లనొప్పులకీ తాగేవాళ్లని చూశాను, కానీ వాల్వ్ అన్నారు కదా, అది నాకు తెలిసిన విషయం కాదు.

తులసికోట:
సన్నజాజిగారూ, కాయడం తర్వాత, ముందు ఇది చదవండి. నేను హాస్పిటల్ ఫార్మసీలో పనిచేస్తాను. వాల్వ్ మార్చినవాళ్లు రోజూ సాయంత్రం వేసుకునే ఆ ఒక్క మాత్ర చాలామందికి వార్ఫరినో, అలాంటి రక్తం పలచబరిచే మందో అయ్యుంటుంది. స్ట్రిప్ తీసి పేరు చూడండి. అదే అయితే ఈ బెరడు నీళ్లు ఆయన ఒక్క గ్లాసు కూడా తాగకూడదు, పలచగా చేసి కొంచెమే ఇద్దాం లాంటివి కూడా వద్దు.

ఎందుకో చెబితే మామయ్యగారికి మీరు నచ్చజెప్పడానికి పనికొస్తుంది. ఈ చెట్టులో లపచోల్ అనే పదార్థం ఉంది, పసుపురంగు స్ఫటికాలు, పందొమ్మిదో శతాబ్దంలోనే దీన్ని విడదీశారు. వార్ఫరిన్ ఎలా పనిచేస్తుందంటే ఒంట్లో విటమిన్ కె మళ్లీ మళ్లీ వాడుకోకుండా అడ్డుపడుతుంది, దాంతో రక్తం గడ్డకట్టడం నెమ్మదిస్తుంది. లపచోల్ కూడా అదేచోట అడ్డుపడుతుంది. రెండూ కలిస్తే ఒకే బ్రేకు మీద రెండు కాళ్లు వేసినట్టు. చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం, ఇవి బయటికి కనపడేవి, కనపడకుండా లోపల తలలో రక్తం కారితే చాలా ప్రమాదం. వాల్వ్ ఉన్నాయన ఈ బెరడు తాగడం కోసం మాత్ర ఆపేస్తానన్నా ఒప్పుకోవద్దు, అది ఇంకా ప్రమాదం, వాల్వ్ మీదే గడ్డ కడుతుంది.

ఇక క్యాన్సర్ మాట. ఇది గాల్లోంచి పుట్టిన కబురు కాదు, నిజంగానే పరీక్షించారు. 1960లలో బ్రెజిల్‌లో ఈ బెరడు గురించి పత్రికల్లో గొప్పగా వచ్చింది, జనం ఎగబడ్డారు, లపచోల్ ఎలుకల గడ్డల మీద పనిచేసిందని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ దాన్ని మనుషుల దాకా తీసుకెళ్లింది. ఆ ఫలితాలు 1974లో అచ్చయ్యాయి. రోజుకి 250 మిల్లీగ్రాముల నుంచి 3750 దాకా నోటిద్వారా ఇచ్చి చూశారు. పనిచెయ్యడానికి కావలసినంత మందు రక్తంలోకి చేరనే లేదు, డోసు పెంచితే వాంతులు, రక్తం గడ్డకట్టే టైమ్ పెరిగిపోవడం, అది మళ్లీ విటమిన్ కె ఇస్తే సర్దుకోవడం. అక్కడితో ఆపేశారు. పైగా లపచోల్ నీళ్లలో సరిగా కరగదు, మీరు కాచే కషాయంలోకి దిగేది చాలా తక్కువ. అంటే క్యాన్సర్‌కి ఏమాత్రం చాలదు. అలా అని వార్ఫరిన్ ఉన్నాయనకి ఏమీ కాదులే అనుకోవడానికీ లేదు, ఎందుకంటే ఏ ముక్కలో ఎంత ఉందో, మీ గిన్నెలోకి ఎంత దిగిందో ఎవరూ కొలవలేరు, వార్ఫరిన్ ఏమో ఆకుకూర ఎక్కువ తిన్నా లెక్క మారిపోయే మందు.

కాళ్లకి పాచి అంటే చూడబోతే ఫంగసే. పైన రాసే క్రీమ్ డాక్టర్ రాసిస్తారు, కానీ చూపించేటప్పుడు రక్తం మాత్ర సంగతి తప్పకుండా చెప్పండి, ఫంగస్‌కి ఇచ్చే ఫ్లూకోనజోల్ లాంటి మాత్రలు కూడా వార్ఫరిన్ ప్రభావాన్ని బాగా పెంచేస్తాయి. కడుపుతో ఉన్నవాళ్లూ, ఆపరేషన్ దగ్గరపడినవాళ్లూ కూడా ఈ బెరడు తాగకూడదు, కడుపుతో ఉన్న ఎలుకలకి లపచోల్ ఇస్తే పిల్లలు నిలవలేదు.

ఇప్పటికే ఏమైనా తాగారా? అది చెప్పండి ముందు.

సన్నజాజి:
స్ట్రిప్ చూశానండీ, వార్ఫరినే. చేతులు చల్లబడిపోయాయి నాకు. నిన్న సాయంత్రం ఆ పొడి ఒక స్పూను వేణ్నీళ్లలో కలిపి ఆయనే తాగేశారట, అర గ్లాసు, రుచి బాలేదని మిగతాది సింక్‌లో పోశారట, ఇప్పుడు అడిగితే చెప్పారు. ఒంటి మీద మచ్చలేం లేవు, చిగుళ్లు బానే ఉన్నాయి. ఏం చెయ్యాలి?

తులసికోట:
కంగారు పడకండి. అర గ్లాసు ఒక్కసారే కాబట్టి ఏమీ కాకపోవచ్చు, కానీ ఊహించుకుని వదిలెయ్యద్దు, ఈరోజే ఐఎన్‌ఆర్, అంటే రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చూసే రక్తపరీక్ష, చేయించి, ఆయన కార్డియాలజిస్టుకి ఫోన్ చేసి ఇది తాగారని పేరుతో సహా చెప్పండి, రెండు మూడు రోజులాగి ఐఎన్‌ఆర్ మళ్లీ చేయించాలా అనేది కూడా వాళ్లనే అడగండి. మాత్ర మామూలుగానే వేసుకోవాలి, డాక్టర్ మార్చమంటే తప్ప. తల తిరిగినా, గట్టిగా తలనొప్పి వచ్చినా, ఎక్కడైనా పడినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. పొడి ప్యాకెట్ కూడా తీసుకెళ్లి చూపించండి.

చేవకర్ర:
పొడి అనగానే నాకు అనుమానం వచ్చింది, నిన్న రాయాల్సింది మర్చిపోయాను. ఇపే కర్ర ప్రపంచమంతా డెక్‌లకీ నడక బాటలకీ వాడతారు, న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో సముద్రం పక్కన బోర్డువాక్‌కి కూడా ఇదే వేశారు, అంత గట్టి. ఆ రంపపు మిల్లుల దగ్గర పొట్టు గుట్టలుగా పడుంటుంది. ఆ పొట్టుని బెరడు పొడి అని అమ్మేవాళ్లున్నారు. తేడా ఏంటంటే లపచోల్ బెరడులో తక్కువ, చేవలో, అంటే మాను మధ్యలోని గట్టి కర్రలో, చాలా ఎక్కువ. చేవ కోస్తుంటే కర్ర రంధ్రాల్లో ఆకుపచ్చ కలిసిన పసుపు పొడి కళ్లకి కనిపిస్తుంది, అదే లపచోల్. కాబట్టి పొట్టు తాగితే తులసికోటగారు ఏదైతే వద్దన్నారో అదే ఎక్కువ తాగినట్టు. ఇంకోటి, ఆ దుమ్ముకి వడ్రంగులకి చేతులంతా దద్దుర్లొస్తాయి, నాకూ మోచేతుల దాకా వచ్చింది రెండుసార్లు. అందుకే కాళ్లకి కూడా ఆ పొడి వాడకండి.

చూడాలంటే ఇలా చూడండి. రెండు గాజు గ్లాసుల్లో వేణ్నీళ్లు పొయ్యండి, ఒకదాంట్లో పొడి చిటికెడు, ఇంకోదాంట్లో మార్కెట్ బెరడు నార కొంచెం తుంచి వెయ్యండి, రెండిట్లో వంటసోడా అర స్పూను వేసి కలపండి. లపచోల్ సోడా తగిలితే ఎర్రగా మారుతుంది. కలప దగ్గర ఇది ఇపేనా కాదా అని మేం ఇలాగే చూసేవాళ్లం, పొట్టు మీద అమ్మోనియా చుక్క వేస్తే ముదురెరుపు. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, కానీ తేడా తెలుస్తుంది.

ఏటిగట్టు:
బెరడు తియ్యడం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. తపజోస్ నది ఒడ్డున ఒక ఊళ్లో చదువు పని మీద నాలుగు నెలలున్నాను. అక్కడ నేనున్న ఇంటి పెద్దాయన బెరడు కోసం వెళ్తుంటే వెంట వెళ్లాను. చెట్టు దగ్గరికెళ్లి వెంటనే కత్తి వెయ్యలేదు, చుట్టూ తిరిగి పాత గాట్లు ఎక్కడున్నాయో అరచేత్తో తడిమాడు. పొద్దు పొడిచే వైపే తియ్యాలట, ఆ వైపు బెరడుకే బలం ఎక్కువని వాళ్ల నమ్మకం. రెండు జానెల పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు, నిలువుగా గీత గీసి, కత్తి మొన కింద పెట్టి ఎత్తితే చప్పుడు చేస్తూ ఊడొచ్చింది, తడి బెరడు లోపల లేత రంగులో ఉండి మన కళ్ల ముందే గాలి తగిలి ఎర్రబడింది. ఇంకో ముక్క తీద్దామా అంటే వద్దన్నాడు, ఈ చెట్టుకి ఈ ఏటికి ఇంతే.

ఆ ఒక వైపు నియమంలో చెట్టు ప్రాణం ఉంది. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకి దిగేది ఈ లోపలి నార గుండానే. చుట్టూ కంకణంలా తీసేస్తే దిగే దారి మొత్తం తెగిపోతుంది, వేళ్లు మాడి చెట్టు నిలువునా చస్తుంది. నిలువు పట్టీ తీస్తే పక్కలనుంచి నెమ్మదిగా మూసుకుంటుంది. అమ్మకానికి తీసేవాళ్లు చాలామంది ఇంత ఓపిక పట్టరు, నరికేసిన చెట్టు నుంచే మొత్తం ఒలుస్తారు. కలప కోసం నరుకుడు ఎంతగా పెరిగిందంటే 2022లో పనామాలో జరిగిన సైటిస్ (అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) సమావేశంలో ఈ జాతి కలపని దాని రెండో అనుబంధంలో, అంటే అనుమతితోనే అమ్మాల్సిన జాబితాలో పెట్టారు, 2024 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది, దుంగలూ కోసిన కలపా ప్లైవుడ్ దేశం దాటాలంటే పర్మిట్ కావాలి. వెయ్యేళ్లు వాడుకోవాల్సిన చెట్టుని ఎవరి ఇంటి వరండా పలకలకో నరికేస్తుంటే కడుపు తరుక్కుపోతుంది నాకైతే.

ఆ ఇంట్లో తాగడం కంటే కడగడమే ఎక్కువ చూశాను. మానని పుండు, చీము పట్టిన గాటు, పిల్లల తల మీద కురుపులు, అన్నిటికీ చిక్కటి కషాయం చల్లార్చి గుడ్డ ముంచి వేసేవాళ్లు. కాన్పయిన ఆడవాళ్లు కొన్నాళ్లయ్యాక ఆ నీళ్లలో కూర్చునేవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లని మాత్రం ఆ ఇంటి ముసలమ్మ దగ్గరికి రానిచ్చేది కాదు, ఇందాక ఎలుకల సంగతి చదివాక నాకు అదే గుర్తొచ్చింది, ఆ ముసలమ్మకి ఏ పరీక్షా తెలీదు.

ఇంకో సంగతి, బెలెంలో గర్రఫాడా అని సీసాలు అమ్ముతారు, నాలుగైదు రకాల బెరళ్లు కషాసా సారాలోనో వైన్‌లోనో రోజుల తరబడి నానబెట్టినవి. మామయ్యగారికి ఎవరైనా అవి తెచ్చిస్తే అసలు ముట్టనివ్వకండి, నీళ్లలో దిగనిది సారాలో బాగా దిగుతుంది, పైగా అందులో ఇంకేం బెరళ్లున్నాయో సీసా మీద ఉండదు.

సన్నజాజి:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్, జరిగింది రాస్తాను. ఆరోజే ఐఎన్‌ఆర్ చేయించాం, ఆయనకి ఉండాల్సిన రేంజ్‌లోనే ఉంది, నిన్న మళ్లీ చేయిస్తే అలాగే ఉంది, డాక్టరుగారు మాత్ర మార్చలేదు. కాళ్లు చూసి పైపూతకి క్రీమ్ రాశారు, అది కూడా రక్తం మాత్ర చూసుకునే రాశానన్నారు. కషాయంలో కాళ్లు పెట్టచ్చా అంటే చిట్లిన చోట్లు ఉన్నాయి, మానేదాకా వద్దన్నారు. ఇప్పుడు వేళ్ల మధ్య గుడ్డముక్కలు పెట్టి ఫ్యాను కింద కూర్చోబెడుతున్నాను, రెండ్రోజులకే దురద తగ్గి నిద్ర పట్టింది.

సోడా పెట్టి కూడా చూశాను చేవకర్రగారూ. బెరడు గ్లాసు ముదురు టీ రంగులోనే ఉండిపోయింది. పొడి గ్లాసులో సోడా పడీపడగానే కింద నుంచి ఎర్రటి పోగులు లేచాయి, స్పూను తిప్పితే గ్లాసు మొత్తం బీట్‌రూట్ నీళ్లలా అయింది. మామయ్యగారు పక్కనే కూర్చుని చూశారు, చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆయనే లేచి ప్యాకెట్ తీసుకెళ్లి చెత్తలో వేశారు. బెరడు ముక్కలు మాత్రం దాచాను, పారెయ్యడానికి మనసు రాలేదు.

ఒక చిన్న ప్రశ్న. పక్కింటావిడకి ఇదంతా నా వచ్చీరాని పోర్చుగీసులో చెబుతుంటే మధ్యలోనే లేచి వాళ్లమ్మకి ఫోన్ చేసింది. ఆవిడ రోజూ పొద్దున్నే ఈ బెరడు నీళ్లే తాగుతుందట, గుండె దడకి ఏదో మాత్ర కూడా వేసుకుంటుందట, డబ్బా మీద మరెవాన్ అని ఉందంటోంది. అది వేరే మందు కదండీ?

తులసికోట:
కాదండీ, బ్రెజిల్‌లో మరెవాన్ అంటే వార్ఫరినే. ఇన్నాళ్లూ రోజూ తాగుతున్నారంటే ఆవిడ డోసు ఆ కషాయంతో కలిపే కుదిరి ఉండచ్చు, అలాంటప్పుడు ఒక్కసారిగా మానేసినా లెక్క మారుతుంది. వాళ్లమ్మగారిని ఈరోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఎన్నాళ్లుగా, రోజుకి ఎన్ని గ్లాసులు తాగుతున్నారో చెప్పి ఐఎన్‌ఆర్ చేయించమనండి, ఎలా మాన్పించాలో వాళ్లే చెబుతారు. డబ్బా మీద ఏఏఎస్ అని ఇంకో మాత్ర కూడా ఉందేమో చూడమనండి, అది ఆస్పిరిన్. ఫలితం వచ్చాక ఇక్కడ రాయండి, చూస్తూ ఉంటాను.